గాలిని వేరుపరచిన సర్ విలియం రామ్సే

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన మన గుంటూరు పట్టణమున సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి వచ్చి గుంటూరున విడిసియుండెను. మనవారు పట్టు స్నానములలోను, జపములలోను ఉండగా, ఆయన దూరదర్శినికి వర్ణపటదర్శినిని అమర్చి సూర్యబింబపు అంచున లేచుచున్న జ్వాలల వెలుగును విడదీసి చూచుచుండెను. అదే గ్రహణమును మచిలీపట్టణమునుండి పోగ్సన్ అను మదరాసు నక్షత్రశాలాధికారియు చూచెను. ఆ జ్వాలల వెలుగులో పసుపువన్నె రేఖ యొకటి ఆనాడు చూచినవారిలో కొందరి కంటబడెను. అది ఉప్పులో నుండు సోడియము రేఖయే యని తలచినవారును కలరు. ఆ యేడు అక్టోబరులో ఇంగ్లండునందు లాకియర్ అను శాస్త్రజ్ఞుడు అది సోడియము రేఖ కాదనియు, భూమిపై నెవ్వరికిని తెలియని మూలపదార్థ మేదో సూర్యునియందున్నదనియు తేల్చెను. గ్రీకు భాషలో సూర్యునకు గల పేరునుబట్టి దానికి హీలియమను పేరు వచ్చెను.

పేరు వచ్చెనుగాని పదార్థము చేతికి రాలేదు. ఇరువదియేడు సంవత్సరములు అది సూర్యునిలోనే యుండిపోయెను. దానిని భూమిపై మొదట గాజుగొట్టములో పట్టి చూపినవాడు సర్ విలియం రామ్సే. అంతేకాదు, మనము పుట్టినది మొదలు పీల్చుచు విడచుచునున్న గాలిలో మన మెరుగని వాయువులు దాగియున్నవని కనిపెట్టి, ఒక్కొక్కదానిని వేరుపరచినవాడును ఆయనయే. రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయుమని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరినపుడు, రాజుల చరిత్రలును కవుల చరిత్రలును వ్రాయువారు మనయూర పెక్కుమంది కలరని తలచి, ఈ రసాయనజ్ఞుని ఎన్నుకొంటిని. గుంటూరులో మొదలైన కథకు కడపటి భాగము తెలిసికొనుట మనకు న్యాయమే కదా.

రామ్సే 1852 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి పేరును విలియమే, ఆయన ఇంజనీరు. తల్లి పేరు కేథరిన్. తాతలనాడు అద్దకపు పనికి వలయు రసాయనములు తయారుచేసిన కుటుంబమది. తండ్రి సోదరుడు ఆండ్రూ రామ్సే భూగర్భశాస్త్రమున పేరుగాంచినవాడు. ఇంటివారికి మాత్రము పిల్లవాడు క్రైస్తవ మతబోధకుడు కావలెనని యుండెను. బాలుడు బంతియాటలో కాలు విరుగగొట్టుకొని మంచమున పడియుండగా, ప్రొద్దు పోవుటకై గ్రాహమ్ రచించిన రసాయనశాస్త్ర గ్రంథమును చదివెనట. చదివినది విజ్ఞానము కొరకు కాదు. బాణసంచా చేయు విధము అందు దొరకునేమో యని! దీపావళికి మతాబులు కూరిన మన పిల్లలకు ఈ యాశ క్రొత్తది కాదు. కాలు నయమయ్యెను గాని ఆ పుస్తకపు రుచి వదలలేదు.

గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదువుచు, 1869లో టాట్లాక్ అను రసాయన పరీక్షకుని ప్రయోగశాలలో పని నేర్చెను. పిమ్మట జర్మనీ దేశమునకు పోయి, ట్యూబింగెన్ నగరమున ఫిట్టిగ్ అను ఆచార్యునికడ పరిశోధనచేసి, 1872లో ఇరువదియేండ్లు నిండకమునుపే పండిత పట్టమును పొందెను. ఈ కాలముననే ఆయన కబ్బిన మరియొక విద్యను ఇచ్చట చెప్పవలసియున్నది. అది గాజు ఊదుట. తన ప్రయోగములకు వలయు గొట్టములను, బుడ్లను, పంపులను ఆయన తన నోటితోనే ఊది, తన చేతితోనే అతుకువాడు. పండితుడైనవాడు కొలిమిముందు కూర్చుండుట ఏమని సంకోచింపలేదు. ఈ విద్య ముందుముందు ఆయనకు చేసిన మేలు ఇంతింత యనరానిది.

1880లో బ్రిస్టల్ నగరపు కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యెను. మరుసటి యేడు దానికే అధ్యక్షుడును అయ్యెను. ఆ యేడే మార్గరెట్ బుకానన్ అను కన్యను వివాహమాడెను. వారికొక కూతురు, ఒక కుమారుడు. బ్రిస్టల్ లో సిడ్నీ యంగ్ అను యువకుడు ఆయనకు తోడయ్యెను. వీరిద్దరును కలిసి ద్రవములు ఏయే వేడిమివద్ద, ఏయే ఒత్తిడివద్ద మరుగునో సంవత్సరముల తరబడి కొలిచి పట్టికలు వ్రాసిరి. చూచువారికి ఇది విసుగు పుట్టించు పని. కాని రామ్సే జీవితమున ముందు జరుగనున్న దంతయు ఈ పట్టికలమీదనే నిలిచినది గావున, ఇచ్చట కొంచెము ఆగి ఆ విషయమును విప్పి చెప్పుదును.

అన్నము ఉడుకు గిన్నెపై మూత తీసినపుడు దాని అడుగున నీటిబొట్లు కనబడును. గిన్నెలోని నీరు ఆవిరియై పైకి లేచి, చల్లని మూత తగిలి మరల నీరైనది. బియ్యము పైకి లేవలేదు, ఉప్పు పైకి లేవలేదు. నీరు మాత్రమే లేచినది. స్వేదనమన నింతే. ద్రవమును ఆవిరిచేసి, ఆ యావిరిని వేరొకచోట చల్లార్చి పట్టుకొనుట. పన్నీరు తీయువారు, అర్కములు దింపు వైద్యులు తరతరములుగా చేయుచున్న పనియే యిది. రసరత్నసముచ్చయమున తిర్యక్పాతన యంత్రమని యొకటి చెప్పబడినది. రెండు కుండలను ఏటవాలు గొట్టముతో కలిపి, ఒకదానిలో పాదరసముంచి క్రింద మంటపెట్టి, రెండవదానిని చల్లని నీట నుంచుట. పాదరసము 357 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆవిరియై రెండవ కుండకు పోవును. దానిని పట్టియున్న సీసము, తగరము మరుగుటకు ఇంకను వేయి డిగ్రీలకు పైగా కావలెను గనుక అవి మొదటి కుండలోనే మిగిలిపోవును. నాగ వంగ దోషములు పోవుననుటలోని మర్మ మిది.

రెండును ద్రవములే యైనపుడు చిక్కు వచ్చును. ప్రతి ద్రవమును ఎల్లప్పుడు కొంత ఆవిరిని విడచుచునే యుండును. వేడిమి హెచ్చినకొలది ఆ యావిరి త్రోపు హెచ్చును. ఆ త్రోపు పైనున్న గాలి ఒత్తిడితో సమానమైనపుడు ద్రవము కుతకుత మరుగును. ఆ వేడిమినే మరుగుస్థానమందురు. నీటికది 100 డిగ్రీలు, మద్యసారమునకు 78. ఈ రెండును కలిసియున్నపుడు 78 డిగ్రీలవద్ద సారమంతయు పోయి, తరువాత నీరు పోవునని తలచితిమా, పొరబడితిమి. రెండును ఒక్కసారే ఆవిరియగును. కాని తేలికగా మరుగునది ఆవిరిలో ఎక్కువ పాలు పొందును. నూటికి పదిపాళ్లు సారము గల ద్రవమును మరిగించినచో మొదట వచ్చు ఆవిరిలో సుమారు సగము సారముండును. దానిని చల్లార్చి మరల మరిగించిన సారము మరింత హెచ్చును. మొదట దిగినది ఘాటనియు, పోనుపోను పలుచనయగుననియు సారా కాచినవారు చెప్పుట కిదియే కారణము. (ఈ యుదాహరణమును ఎత్తుకొన్నందుకు మద్యనిషేధ సంఘమువారు నన్ను మన్నింతురు గాక. ఇంతకన్న సులభమైనది నాకు దొరకలేదు.) దిగినదానిని దిగినట్లు వేరు వేరు పాత్రలలో పట్టి, ఒక్కొక్కదానిని మరల మరల మరిగించి, తేలికయైనదానిని తేలికదానితోను, బరువైనదానిని బరువుదానితోను చేర్చుచు పోవుటకే ఆంశిక స్వేదనమని పేరు. ఇందు తెలివికన్న ఓపిక పాలెక్కువ. సిడ్నీ యంగ్ తరువాతి కాలమున ఈ విద్యకే పెద్దగ్రంథము వ్రాసెను. ఎంత మరిగించినను నూటికి నాలుగుపాళ్లకు పైగా నీరు సారమును వదలక పట్టుకొనియే యుండును. ఆ నీటిని బెంజీను కలిపి వెడలగొట్టు ఉపాయమును 1902లో కనిపెట్టినవాడును ఆయనయే.

1887లో రామ్సే లండను నగరపు యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యపీఠ మెక్కెను. సుమారు పాతికేండ్లు అచ్చటనే యుండెను.

ఇక అసలు కథ. రాలీ ప్రభువను భౌతికశాస్త్రజ్ఞుడు వాయువులను తూచుచుండెను. గాలినుండి ఆమ్లజనిని తీసివేయగా మిగిలిన నత్రజనిని ఒక గాజుబుడ్డిలో నింపి తూచినపుడు 2.310 గ్రాములు తూగెను. అమ్మోనియా మొదలగు రసాయనములనుండి పుట్టించిన నత్రజనిని అదే బుడ్డిలో నింపి తూచినపుడు 2.299 గ్రాములే తూగెను. తేడా 11 మిల్లీగ్రాములు. అనగా ఇన్నూరింట ఒక పాలు. ఎన్నిమారులు తూచినను ఆ తేడా పోలేదు. 1892లో ఆయన ఈ చిక్కును పత్రికాముఖమున ప్రకటించి, తెలిసినవారు చెప్పుడని కోరెను.

నేను లెక్కలు వ్రాయువాడను. ఇన్నూరింట ఒక పాలు తేడా వచ్చినపుడు లెక్కగాని మనస్సు ఎట్లుండునో నాకు తెలియును. వేయి రూపాయలు తేడా వచ్చినచో వెదకుట సులభము. ఎక్కడనో ఒక పద్దు వదలిపోయి యుండును. అయిదు రూపాయలు తేడా వచ్చినపుడే ప్రాణము విసుగును. చిల్లర ఖర్చుక్రింద వ్రాసి పుస్తకము మూసివేయుమని మనస్సు చెప్పును. రాలీ అట్లు మూయలేదు. ఆ ప్రకటన చదివిన వేలమందిలో దానిని తన పనిగా నెత్తుకొన్నవాడు రామ్సే.

నిజమునకు ఈ తేడా అంతకు నూరేండ్లకు పూర్వమే ఒకరి కంటబడియుండెను. 1785లో కావెండిష్ అను మహాశాస్త్రజ్ఞుడు గాలిలోని నత్రజనినంతను విద్యుత్తుమెరుపులచేత ఆమ్లజనితో కలిపివేయ జూచెను. అంతయు కలిసినను చిన్న బుడగ యొకటి, నూట ఇరువదింట ఒకపాలుకు మించనిది, కలియక మిగిలెను. ఆయన దానిని నిజాయితీగా వ్రాసిపెట్టెను. చదివినవారు చదివిరి, బుడగ మాత్రము బుడగగానే మిగిలెను.

రామ్సే ఎన్నుకొన్న మార్గము వేరు. ఎఱ్ఱగా కాల్చిన మెగ్నీషియము నత్రజనిని పీల్చుకొనును. గాలినుండి తీసిన నత్రజనిని ఆ లోహముపై మరల మరల నడిపించుచు దినములకొలది కూర్చుండెను. వాయువు తరుగుచు వచ్చెను. మిగిలినదాని సాంద్రత పెరుగుచు వచ్చెను. ఉదజనితో పోల్చినపుడు నత్రజని సాంద్రత 14. మిగిలిన వాయువు 15, 16 అనుచు పైకి పోయి 20 దగ్గర నిలిచెను. వర్ణపటదర్శినిలో చూడగా ఎన్నడును ఎవ్వరును చూడని ఎఱ్ఱని, పచ్చని రేఖలు! 1894 ఆగస్టు 13వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరపు శాస్త్రజ్ఞుల సభలో రాలీ, రామ్సే ఇరువురును ఈ క్రొత్త వాయువును వెల్లడించిరి. అది దేనితోను కలియదు, మండదు, మండనీయదు. అందుచేత సోమరి యను అర్థము వచ్చునట్లు గ్రీకు భాషలో దానికి ఆర్గానని పేరిడిరి. గాలిలో నూటికి ఒక పాలు దాదాపుగా అదియే. మూలపదార్థముల పట్టిక కూర్చిన మెండెలీఫ్ మహాశయుడే దీనిని నమ్మలేదు. తన పట్టికలో దానికి చోటు లేకపోవుటచే, నత్రజనియే మూడేసి పరమాణువులుగా ముడివడి యట్లున్నదని తలచెను.

మరుసటి యేడు మార్చిలో మన గుంటూరు రేఖ బయటపడినది. యురేనియముగల ఒక ఖనిజమును ఆమ్లములో కాచినచో ఏదో వాయువు వచ్చుననియు, అమెరికాలో దానిని నత్రజని యనుకొనిరనియు రామ్సేకు తెలిసెను. అందు ఆర్గాను దొరకునేమో యని క్లీవైటు అను ఖనిజమును కాచి, వచ్చిన వాయువును గొట్టమున బంధించి చూచెను. ప్రకాశమానమైన పసుపురేఖ కనబడెను. సోడియమేమో యని పోల్చి చూడగా రెండు రేఖలును ఒకచోట నిలువలేదు. తనకన్న వర్ణపటములందు నేర్పరియైన క్రూక్స్ మహాశయునకు ఒక గొట్టమును పంపెను. ఆయన కొలిచి, అది సూర్యునిలోని హీలియమే యని తెలిపెను.

ఇప్పుడు రామ్సే చేతిలో సోమరి వాయువులు రెండు. పరమాణుభారము హీలియమునకు 4, ఆర్గానునకు 40. ఈ రెంటి నడుమ 20 దరిదాపున మరియొకటి యుండితీరవలెనని ఆయన గణించి, 1897లో కెనడాయందు జరిగిన సభలో ఇంకను కనుగొనబడని వాయువును గూర్చియే ఉపన్యసించెను. లేనిదానిని గూర్చి సభలో ఇంత ధీమాగా మాటాడుట సాహసమే. అంతకుముందును పిమ్మటను ఖనిజములను కాల్చి చూచెను, ఉల్కాశకలములను కాల్చెను, ఐస్లండు ద్వీపపు వేడినీటి బుగ్గల వాయువును సైతము తెచ్చి పరీక్షించెను. దొరకలేదు. చేతిలోనున్న గాలిలోనే అది యున్నచో, దానిని సోమరి వాయువులనుండి తీయుట ఎట్లు? మెగ్నీషియము పనికిరాదు, దేనితోను కలియని వాటిని రసాయనక్రియచేత వేరుపరచుట కుదురదు. వాటికి గల భేదమొక్కటే, మరుగుస్థానము. బ్రిస్టల్ నాటి విద్య యిక్కడ అక్కరకు వచ్చెను.

గాలిని మరిగింపవలెనన్నచో ముందు దానిని ద్రవము చేయవలెను. సైకిలు గొట్టములోని గాలి వదలినపుడు మూతివద్ద చల్లగా తగులును. మిక్కిలి ఒత్తిడితో నొక్కిన గాలిని సన్నని రంధ్రముగుండ విడచి, చల్లబడిన ఆ గాలిచేతనే వెనుక వచ్చు గాలిని చల్లార్చుచు పోయినచో, తుదకు అది లేతనీలపు నీరై కారును. 1895లో జర్మనీయందు లిండే, ఇంగ్లండునందు హాంప్సన్ ఇట్టి యంత్రములను కల్పించిరి. ఆ ద్రవములో నత్రజని సున్నకు దిగువ 196 డిగ్రీలవద్ద మరుగును. ఆర్గాను 186 వద్ద. ఆమ్లజని 183 వద్ద. ఇవన్నియు సున్నకు దిగువ లెక్కలు గనుక పెద్ద సంఖ్యగలదే ముందు మరుగునని చదువరులు గుర్తుంచుకొనవలెను. మనకు ప్రాణాంతకమైన చలి దానికి పొయ్యిమంట. గదిలోని గాలి తగిలినంతనే అది కుతకుత మరుగును.

1898 మే నెలలో హాంప్సన్ ఇచ్చిన ద్రవవాయువు కొంచెము రామ్సే ప్రయోగశాలకు వచ్చెను. ట్రావర్స్ అను యువకుడు ఆయనకు అనుచరుడు. చేయి తిరుగుటకై ఆ కొద్దిపాటి ద్రవమును మెల్లమెల్లగా ఆవిరికానిచ్చి, అడుగున మిగిలినదానిని పట్టిరి. అందలి ఆమ్లజనిని, నత్రజనిని తొలగింపగా సుమారు 26 ఘన సెంటీమీటర్ల వాయువు మిగిలెను. మే 30వ తేదీన దానిని వర్ణపటదర్శినిలో చూడగా ఎన్నడును చూడని పసుపు, పచ్చ రేఖలు మెరిసెను. వెదకినది తేలికదానిని, దొరకినది ఆర్గానుకన్న బరువైనది! అడుగున దాగియున్నది గనుక క్రిప్టానని పేరుపెట్టిరి. దాని మరుగుస్థానము సున్నకు దిగువ 153 డిగ్రీలు గనుక మిగతవన్నియు లేచిపోయినను అది కుండ వదలలేదు.

ఇట్లు అడుగు చూచినవారు పిమ్మట పైభాగమును చూచిరి. ఆర్గానును ద్రవముచేసి, మొట్టమొదట లేచిన ఆవిరిని వేరుగా పట్టిరి. గొట్టములో విద్యుత్తు పంపినంతనే గదియంతయు అగ్నివర్ణపు కాంతితో నిండిపోయెనట. అదియే రామ్సే ముందుగా చెప్పిన నడిమి వాయువు. ఆయన చిన్న కుమారుడు దానికి క్రొత్తది యను అర్థముగల లాటిను పేరు సూచింపగా, తండ్రి అదే యర్థమును గ్రీకులోనికి మార్చి నియానని పిలిచెను. జూలైలో క్రిప్టాను అడుగున మరింత బరువైన వాయువొకటి నీలికాంతితో కనబడెను. పరదేశి యను అర్థమున దానికి జెనానని పేరు వచ్చెను. గాలిలో పదిలక్షల పాళ్లలో నియాను 18, హీలియము 5, క్రిప్టాను ఒకటి. జెనానన్ననో కోటిపాళ్లలో ఒకపాలు కూడ నిండదు.

మూడు నెలలలో మూడు మూలపదార్థములు! అయితే ఆ తొందరలో ఒక తప్పును దొరలినది. మెటార్గాను అను నాలుగవ వాయువును కూడ వీరు ప్రకటించిరి. అట్టిది లేదు. శుద్ధిచేయుటకు వాడిన పదార్థమునుండి చేరిన కర్బన సంబంధమైన కల్మషమే అట్లు కనబడెనని తరువాత తేలెను. తాము ప్రకటించినదానిని తామే ఉపసంహరించుకొనిరి. పిమ్మట రెండేండ్లు ఆ వాయువులను పాళ్లుగా విడదీయుటయు, మరల కలుపుటయు, మరల విడదీయుటయు జరిగెను. నియానునుండి హీలియము ఎంతకును వేరుపడలేదు. ద్రవవాయువు చలి వాటిని గడ్డకట్టించుటకు చాలలేదు. అప్పుడు ట్రావర్స్ తన చేతులతో ఒక యంత్రము కట్టి 1900లో ఉదజనిని ద్రవము చేసెను. సున్నకు దిగువ 253 డిగ్రీల ఆ చలిలో నియాను గడ్డకట్టెను. హీలియము వాయువుగానే నిలిచెను. పంపుతో దానిని లాగివేసిరి. మెండెలీఫ్ మహాశయుడును తరువాత ఈ సోమరి వాయువుల వరుసకు తన పట్టికలో చోటిచ్చెను.

రామ్సే గాజు గొట్టములలో చెంచాడు చెంచాడుగా చేసిన ఆంశిక స్వేదనమే లిండే మొదలగువారిచేత తాటిచెట్టంత గోపురములలోనికి ఎక్కెను. ఆ గోపురములలో అంతస్తులుగా పళ్లెములుండును. చల్లని ద్రవము పైనుండి పళ్లెము పళ్లెమునకు దిగును. ఆవిరి క్రిందినుండి పైకెక్కును. ప్రతి పళ్లెమువద్దను ఒక స్వేదనము జరిగినట్లే. పైన నత్రజని, అడుగున ఆమ్లజని దిగును. 2021 ఏప్రిలులో కోవిడు వ్యాధిగ్రస్తులు ఊపిరాడక ఆసుపత్రుల గుమ్మములవద్ద పడియున్న దినములలో, విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునుండి ద్రవరూపమున ఆమ్లజని నింపిన లారీలను రైలుపై ఎక్కించి మహారాష్ట్రమునకు పంపిన సంగతి అందరకు జ్ఞాపకముండును. అది ఇట్టి గోపురములలో గాలిని మరిగించి దింపినదే. 1910లో పారిసున క్లాడ్ అనునాతడు నియాను దీపములు వెలిగించి చూపెను.

అదే 1900వ సంవత్సరపు చలికాలమున రామ్సే మన దేశమునకు వచ్చెను. జంషెట్జీ టాటా మహాశయుడు పరిశోధనాలయ మొకటి స్థాపింప సంకల్పించి ధనము కేటాయించియుండెను. అది ఎచ్చట నుండవలెను, ఏమి బోధింపవలెను అను విషయమున సలహా చెప్పుటకై రామ్సే పదివారములకు పైగా దేశము తిరిగి, బెంగుళూరు తగినదని నివేదిక వ్రాసెను. ఆయన శిష్యుడు ట్రావర్సే 1906లో ఆ విజ్ఞానమందిరమునకు మొదటి అధ్యక్షుడుగా వచ్చెను. 1909లో సంస్థ ఏర్పడెను. 1911లో విద్యార్థులు చేరిరి. టాటా మహాశయుడు మాత్రము దానిని చూడక 1904లోనే గతించెను.

1902లో రామ్సేకు సర్ బిరుదము వచ్చెను. 1903లో సాడీ అను యువకునితో కలిసి, రేడియము తనంత తానే హీలియమును పుట్టించుచున్నదని చూపెను. మూలపదార్థము మూలపదార్థముగానే యుండునన్న పాతమాటకు ఇది పెద్దదెబ్బ. 1904లో సోమరి వాయువులను కనుగొన్నందులకు రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము రామ్సేకును, ఆర్గాను పనికి భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము రాలీకిని ఒకే యేడు లభించెను.

ఇంతటితో ఆపినచో చరిత్ర సుఖాంతమే. కాని ఒకరి మేలు మాత్రమే వ్రాసి కీడు దాచుట లెక్కలో జమ మాత్రమే వ్రాసి ఖర్చు విడచుటవంటిది. 1907లో రామ్సే ఒక ఘనమైన సంగతి ప్రకటించెను. రేడియమునుండి వెలువడు వాయువును తుత్తము ద్రావణముపై ప్రసరింపజేయగా, రాగి మారి లిథియమను లోహము జనించెననియు, నీటిపై ప్రసరింపజేయగా నియాను జనించెననియు చెప్పెను. రాగి మరియొకటియగుట! పరుసవేదివారి కల నిజమైనదని లోకము విస్తుపోయెను. మరుసటి యేడు పారిసునందు క్యూరీ అమ్మగారును, గ్లెడిచ్ అను శాస్త్రజ్ఞురాలును ఆ ప్రయోగమునే గాజుపాత్రలకు మారుగా ప్లాటినము పాత్రలలో చేసిరి. లిథియము లేదు. రామ్సేకు కనబడిన లిథియము గాజునుండి వచ్చినదే. నియాను మాట రూథర్‌ఫర్డు పరీక్షించెను. గొట్టములోనికి గాలి పిసరంత చొరబడినను నియాను రేఖలు కనబడునని చూపెను.

ఈ ఘట్టమును చదివినపుడు నా మనస్సు చివుక్కుమన్నది. ఏ గాజును ఆయన తన ఊపిరితో ఊదెనో ఆ గాజే మోసగించినది. ఏ గాలినుండి నియానును మొదట తీసెనో ఆ గాలియే తిరిగి దొంగతనముగా చొరబడి నియానై కనబడినది. ఆర్గాను నాడు మిగిలిన పిసరును నమ్మినందున గెలిచెను. ఈనాడు పిసరును నమ్మినందుననే ఓడెను. రెండుమారులును ఆయన కన్ను ఒకటే. ఆర్గాను నాడు ప్రక్కన రాలీ తూనిక యుండెను. ఎన్నిమారులైనను, ఎన్ని విధములనైనను తూచి సరిచూచువాడు మరియొకడుండెను. 1907 నాటికి రామ్సే జగద్విఖ్యాతుడు. జగద్విఖ్యాతుని లెక్క తనిఖీ చేయుటకు ఇంటిలోనివారు జంకుదురు గాబోలు. హంస పాలను నీళ్లను వేరుచేయునని మన కవులు చెప్పుదురు గాని, గిన్నెకంటిన మురికి పాలలో దిగినచో హంస ఏమి చేయునో చెప్పలేదు.

అయినను ఆయన చేతి నేర్పు తగ్గలేదు. 1910లో గ్రే అను సహచరునితో కూడి, రేడియమునుండి పుట్టు వాయువును తూచెను. దొరకిన వాయువు ఘన మిల్లీమీటరులో పదవపాలు కూడ లేదు; అనగా సూదిమొనయంత. దానిని తూచుటకై స్ఫటికపు పుల్లలతో త్రాసు చేసికొనిరి. వారికి వచ్చిన పరమాణుభారము 223. నేడు తెలిసినది 222. దానికి నిటానని పేరుపెట్టిరి. నేడు రేడానని పిలుచుచున్నారు. సోమరి వాయువుల వరుసలో అది ఆరవది. ఆరింటిలో అయిదింటిని కనుగొనుటయందును, ఆరవదానిని తూచుటయందును రామ్సే చేయి యున్నది.

ఉద్యోగవిరమణానంతరము ఆయన లండనుకు వాయవ్యమున హేజల్‌మియర్ అను గ్రామమున నివసించెను. 1914లో యుద్ధము వచ్చెను. తనకు విద్య చెప్పిన జర్మనీ శత్రుదేశమయ్యెను. అంతలో ముక్కులో పుండు లేచి క్యాన్సరని తేలెను. శస్త్రచికిత్సలు జరిగినను గుణము కలుగలేదు. 1916 జూలై 23వ తేదీన అరువదినాలుగవయేట కన్నుమూసెను. ఆ గ్రామపు దేవాలయావరణముననే ఆయనను సమాధిచేసిరి.

ట్రావర్స్ 1914లో బెంగుళూరు విడచిపోయెను. ఆయన దీర్ఘాయుష్మంతుడై, ఎనుబదియేండ్లు దాటిన వయస్సున తన గురువు జీవితచరిత్రను వ్రాసి 1956లో ప్రకటించి, 1961లో మరణించెను.